మూడోసారి పిలిస్తేనే

తిరుచానూరు,
2 డిసెంబరు 2024

భానూ,

ఆశీస్సులు. చిరంజీవి, లక్ష్మీసమానురాలు వగైరాలు నువ్వే కలుపుకొని చదువుకో, నా చేయి నొప్పిగా ఉంది.

నీ మొదటి ఉత్తరం మొన్న చేరింది. మీ అమ్మ నవ్వింది. "ఫోను చేతిలో పెట్టుకోని ఉత్తరాలేందిమా, అవ్వా మనవరాలూ ఇద్దురికీ పిచ్చే" అంది. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినిపించి ఎన్నేళ్లయింది? చెవి మిషను పెట్టుకుంటే నీ గొంతు కంటే ముందు వీధిలో ఆటోల హారన్లు వస్తాయి. పైగా మీ కొండమీద టవరు గాలి తోలితే పనిచేయదని రాశావు. కాగితమే నయం. కాగితం ముందు నేను చెవిటిదాన్ని కాను.

అసలు సంగతికి వస్తాను. తిరుపతిలో అన్నేళ్లు పశువుల డాక్టరు చదువు చదివావు. ఈ జిల్లాలో ఆవులకు కొదవా, రోగాలకు కొదవా? అవన్నీ వదిలిపెట్టి, చలికాలమంతా హిమాచల్లో ఎవరింట్లోనో ఉండి, మంచు పడిన అడవిలో కుక్కలను నడిపించే ఉద్యోగంలో చేరావు. కింద పూలమ్మే నాగులమ్మకు ఈ కబురు ఎలా తెలిసిందో, పొద్దున్నే మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏం టీచరమ్మా, మీ మనవరాలు కుక్కల్ని మేపను పోయిండాదంట గదా?"

"మేపను కాదు, నడిపించను."

"అయ్యో! వాటికి కాళ్లు లేవా ఏంది?"

ఏం చెప్పమంటావు? మన మెట్ల కింద పడుకునే కుక్క, ఆ కుంటోడికే మూడు కాళ్లున్నాయి, వాడి నడక వాడే నడుస్తున్నాడు.

ఇంకొకటి. నడిచి వచ్చాక ఆ కుక్కల పాదాలకు ఆవనూనె రాస్తున్నానని రాశావు. నా మోకాళ్లకు రాయమంటే పరీక్షలున్నాయన్నావు గుర్తుందా? సరే. ఆ ఇంటాయన, ఠాకూర్ సాబ్ అని రాశావే, ఆయనకేమొచ్చింది? ఆయన కుక్కలను ఆయనే తిప్పుకోవచ్చు కదా? కుంపటి పక్కన కాళ్లు చాపుకొని కూర్చుని, పరాయి పిల్లను మంచులోకి తోలుతున్నాడా? నా మాటగా అడుగు.

చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ పంపుతున్నాను. కుక్కలకు పెట్టకు.

మీ అవ్వ,
సుబ్బులమ్మ


ఠాకూర్ ఇల్లు, హిమాచల్
13 డిసెంబరు 2024

అవ్వా,

నీ మాటగా అడగలేను. ఠాకూర్ సాబ్ లేరు. నేనే సరిగా రాయలేదు, తప్పు నాది.

పోయిన చలికాలం ఆయన ఎప్పటిలాగే కుక్కలను తీసుకుని అడవిలోకి వెళ్లారు. సాయంత్రానికి కుక్కలు తిరిగొచ్చాయి, ఆయన రాలేదు. మంచు కరిగాక కూడా వెతికారట. టోపీ కూడా దొరకలేదు. ఆయన భార్య, ఠాకూర్ అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, మంచులో నడవలేదు. అందుకే మా సంస్థను ఒక మనిషిని పంపమని అడిగింది.

ఇవి గొర్రెల కాపరుల కుక్కలు అవ్వా. చలికాలం మందలు కిందికి దిగిపోతాయి. ముసలివీ కాలు పోయినవీ అంతదూరం నడవలేక ఇక్కడే మిగిలిపోతాయి. అలాంటివాటిని ఠాకూర్ సాబ్ చేరదీసేవారు. ఇప్పుడు ముగ్గురున్నారు: భాలూ, షేరూ, రాణి. మన కుంటోడు రాణి ఒళ్లో పిల్లలా పడుకోగలడు, అంత పెద్దవి. రోజూ ఒకసారి అడవిలోకి తీసుకెళ్లకపోతే గడప దగ్గర కూర్చుని ఏడుస్తాయి. బయలుదేరే ముందు ఒక్కొక్కదాని మెడకు మేకులున్న ఇనప పట్టీ కట్టాలి. చిరుత మెడే పట్టుకుంటుంది కదా, అందుకు. కట్టడం మాత్రం ఆవిడే కడుతుంది. నన్ను "బేటీ" అంటుంది. నా పేరు చెప్పి పలకమంటే నవ్వేస్తుంది, బేటీ అంటే చాలదా అని. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు.

అడవి ఎలా ఉంటుందో ఎలా చెప్పను? మంచు పడ్డాక చప్పుడంతా ఎవరో దూదిలో చుట్టి దాచేసినట్టు ఉంటుంది. నా అడుగు నాకే సరిగా వినిపించదు. అడవికి కూడా నీలాగే చెవుడు వస్తుందన్నమాట. అప్పుడప్పుడు దేవదారు కొమ్మ బరువు మోయలేక మంచు దించేసుకుంటుంది. ఆ చప్పుడుకు గుండె ఆగిపోతుంది.

దారి మధ్యలో ఒక చెట్టు కూలిపోయి ఉంది. అక్కడికి రాగానే ముగ్గురూ వరసగా కూర్చుంటారు. నేనేమీ చెప్పను. ముగ్గురూ ఒకే వైపు చూస్తారు, అక్కడ ఏమీ ఉండదు. తోకలు మెల్లగా మంచు మీద ఆడతాయి, అన్నం పెట్టే మనిషిని చూసినట్టు. కాసేపటికి ఎవరో సెలవిచ్చినట్టు లేచి నడుస్తారు. ఆవిడకు చెబితే, "ఆయనే, ఇంకెవరు? ఏమైనా తిన్నాడో లేదో" అని లోపలికి వెళ్లిపోయింది.

నాకు భయం లేదు. కానీ ఆ చెట్టు దాటాక ఎవరో వెనక నుంచి పిలవబోయి ఆగినట్టు ఉంటుంది, రోజూ.

నీ భానూ


తిరుచానూరు,
23 డిసెంబరు 2024

భానూ,

చనిపోయిన మనిషిని కుంపటి పక్కన కాళ్లు చాపించాను. ఆవిడకు చెప్పకు. నోరు ముందు, బుద్ధి వెనక అయిపోతున్నాయి నాకు.

నువ్వు రాసిన చెట్టు సంగతి రెండుసార్లు చదివాను. కుక్కకు అలవాటు గట్టిది. ఆయన అక్కడ కూర్చుని బీడీ కాల్చేవాడేమో, వీటికి రొట్టె ముక్క వేసేవాడేమో. అంతకుమించి ఏమీ లేదు. ముప్పై ఏళ్లు చంద్రగిరి హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ధ్వని అంటే గాలిలో కదలిక, గాలిని కదిలించడానికి ఒక గొంతు ఉండాలి. గొంతు లేనివాళ్లు పిలవలేరు. ఇది పాఠం.

ఇక పాఠంలో లేనిది చెబుతాను. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారికి పలకకు. రెండోసారికీ పలకకు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండుతో ఆపుతుంది. మా అమ్మ నాకు నేర్పింది, నేను మీ అమ్మకు నేర్పాను, నీకూ నేర్పాను. నువ్వు దాన్ని ఎంత శ్రద్ధగా పాటించావంటే, అన్నానికి రెండుసార్లు పిలిస్తే కదిలేదానివి కాదు, మూడోది వీపు మీద పడేది. శాస్త్రం ఏమిటని అడక్కు. రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా చూడటానికి శాస్త్రం అడిగామా?

నా చెవుడు సంగతి. దాన్ని అడవికి అంటగట్టావు. నాకు వినిపించనిది మనుషుల మాటలే. రాత్రి పడుకుంటే చెవిలో సముద్రం హోరు ఉండనే ఉంటుంది. నిశ్శబ్దం అనేది చెవిటివాళ్లకు కూడా దొరకదని తెలుసుకో.

కుంటోడు మెట్లెక్కి నా గుమ్మం దగ్గర పడుకోవడం మొదలుపెట్టాడు. నువ్వే ఏదో మంత్రం పంపి ఉంటావు. నిన్న ఒక ఇడ్లీ వేశాను. వేయలేదని నాగులమ్మతో చెప్పాను.

అవ్వ


ఠాకూర్ ఇల్లు
7 జనవరి 2025, మంగళవారం సాయంత్రం

అవ్వా,

నువ్వు గెలిచావు. ఇది వెంటనే రాయకపోతే నాకు తోచదు.

ఈ రోజు ఆలస్యంగా బయలుదేరాం. మంచు విపరీతంగా పడుతోంది, తొందరలో పట్టీలు నేనే కట్టి కుక్కలను తోలుకుపోయాను. చెట్టు దగ్గర మామూలుగా కూర్చున్నారు, లేచారు. తిరిగి వస్తుంటే వెనక నుంచి "భానూ" అని వినిపించింది. అవ్వా, ఒట్టు. స్పష్టంగా నా పేరే, చివర దీర్ఘంతో. రాణి చెవులు లేచాయి. నా కాళ్లు ఆగిపోయాయి. నువ్వు గుర్తొచ్చావు. పలకలేదు, తిరగలేదు. కాసేపటికి మళ్లీ "భానూ". ఈసారి కొంచెం సన్నగా. కుక్కలు ముగ్గురూ వెనక్కి గుంజారు. నేను తాళ్లు చేతికి చుట్టుకుని ఇంటివైపు ఈడ్చాను. మూడోసారి కోసం ఆగి చూశాను కూడా. రాలేదు. రెండుతో ఆగిపోయింది!

మీ అమ్మకూ నీకూ నా దండాలు. సైన్సు టీచరు నియమం హిమాచల్లో కూడా పనిచేస్తోంది.

ఠాకూర్ అమ్మ ఇంట్లో లేదు. పొయ్యిమీద టీ నీళ్లు మరిగి మరిగి అడుగంటాయి. దించాను. పక్కింటికి పాలకు వెళ్లి ఉంటుంది, ఇక్కడ పక్కిల్లు అంటే దూరమే. రాణి తలుపు గీకుతోంది, ఊరుకోవడం లేదు. ఇప్పుడే చూశాను, తొందరలో దాని మెడకు పట్టీ కట్టడం మరిచిపోయినట్టున్నాను. ఆవిడ చూస్తే తిడుతుంది. వెళ్లి ఆవిడను తీసుకొస్తాను, చీకటి పడుతోంది.

భానూ


ఠాకూర్ ఇల్లు
14 జనవరి 2025

అవ్వా,

ఠాకూర్ అమ్మ చనిపోయింది.

పాలకు వెళ్లలేదు. మరునాడు పొద్దున రాణి తీసుకెళ్లి చూపించింది. దారికి కొంచెం పక్కగా, వాలులో పడి ఉంది. మంచు సగం కప్పేసింది. కుడి చేతిలో రాణి పట్టీ ఉంది, మేకులు అరచేతిలో దిగి ఉన్నాయి. నేను మరిచిపోయి వచ్చానని, ఆ మోకాళ్లతో మా వెనకాలే వచ్చింది.

నన్ను పిలిచింది. రెండుసార్లు పిలవగలిగింది. మూడోసారికి ఊపిరి చాలలేదు.

కుక్కలకు తెలుసు. వెనక్కి గుంజాయి. నేను తాళ్లు పట్టుకుని ఈడ్చుకొచ్చాను, మూడోసారి కోసం నిలబడి, రాలేదని సంతోషించాను. నీకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం రాస్తున్నంతసేపూ ఆవిడ అక్కడే ఉంది.

ఊరివాళ్లు వచ్చి చేయాల్సినవి చేశారు, బల్లమీద ఉన్న ఆ ఉత్తరాన్నీ టపాలో వేసేశారు. అమ్మకు ఫోను చేసి అంతా బాగుందని చెప్పాను, నువ్వు కూడా చెప్పకు. మంచు విరిగిపడి రోడ్డు మూసుకుపోయిందంటున్నారు. ఈ ఉత్తరం ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఇంకొక డాక్టరు వచ్చేదాకా కుక్కలకు నేనే.

ఇప్పుడు దారిలో రెండు చోట్ల కూర్చుంటున్నారు. చెట్టు దగ్గర ఒకసారి, ఆవిడ పడిన చోట ఒకసారి. రెండు చోట్లా తోకలు ఆడుతున్నాయి.

భానూ


తిరుచానూరు,
17 జనవరి 2025

భానూ,

శభాష్! నీ మంగళవారం ఉత్తరం ఈ రోజు వచ్చింది. మా అమ్మ బతికి ఉంటే నీకు వెండి గిన్నె ఇచ్చేది. ఇన్నేళ్లకు నా మాట వినే మనిషి ఒకరు దొరికారు, అదీ దేశం ఆ చివర. నాగులమ్మకు చదివి వినిపించాను. చెంపలు వాయించుకుంది. "పలకలేదు, సరిపోయింది టీచరమ్మా. పలికింటే ఎంటబడి వచ్చుండును" అని, ఆ పూట నాకు ఉత్తినే మూర మల్లెపూలిచ్చింది. ఉత్తినే ఇచ్చిందంటే ఎంత భయపడిందో చూసుకో.

నాకు మాత్రం అది గాలే. కొమ్మల్లో దూరిన గాలి ఏ పేరైనా పలుకుతుంది. ఏమైతేనేం, నియమం చెడ్డది కాదని తేలింది.

కుంటోడికి పేరు పెట్టమని మీ అమ్మ గొడవ. ఉన్న పేరు చాలదా?

ఒక్క మాట అడగాలి. పొయ్యిమీద టీ నీళ్లు పెట్టి ఆవిడ పాలకు పోయిందన్నావు. ఇల్లు నడిపిన మనిషి మంటమీద గిన్నె వదిలి అంతదూరం పోతుందా? తిరిగి వచ్చిందా? వచ్చిందని ఒక్క ముక్క రాయి.

అవ్వ


ఠాకూర్ ఇల్లు
28 జనవరి 2025

అవ్వా,

రోడ్డు ఇంకా తెరవలేదు, టపా మాత్రం ఒక మనిషి మంచులో నడిచి తెచ్చాడు. నీ శభాష్ అందింది. నా పధ్నాలుగో తేదీ ఉత్తరం నీకింకా చేరలేదని అర్థమైంది. చేరాక నీకే తెలుస్తుంది, మళ్లీ రాసే ఓపిక లేదు.

నీ మీద కోపం లేదు అని రాశాను, కొట్టేశాను. ఉంది. చిన్నపిల్లకు ఎవరైనా అలాంటిది నేర్పుతారా? ఎవరు పిలిచినా పలకాలి అని కదా నేర్పాలి?

ఇప్పుడు నేను అన్నిటికీ పలుకుతున్నాను. కొమ్మ విరిగినా, మంచు జారినా, కాకి అరిచినా, "వస్తున్నా" అంటాను. మొదటిసారికే. మొన్న సాయంత్రం వాలు కింద నుంచి ఏదో వినిపించింది. దారి వదిలి దిగాను. నడుముదాకా దిగబడ్డాను. షేరూ నా కోటు పట్టుకుని వెనక్కి లాగకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు. ఇంటికొచ్చాక సిగ్గుపడ్డాను. కానీ నిన్న మళ్లీ వినిపించింది, మళ్లీ దిగాను. పలకకుండా ఇంటికి రావడం నా వల్ల కావడం లేదు అవ్వా. ఆవిడ చివరికి ఏమనుకుందో తెలుసా? "బేటీకి వినిపించింది, అయినా పోతోంది" అనుకుంది.

భానూ


తిరుచానూరు,
5 ఫిబ్రవరి 2025

భానూ,

నీ రెండు ఉత్తరాలూ ఈ రోజు ఒకేసారి వచ్చాయి. పోస్టుమాన్ ఢిల్లీబాబు "రెండు వచ్చినాయి, పండగేలే మీకు" అని చేతిలో పెట్టాడు. చదివాను. మీ అమ్మకు చెప్పలేదు. చెబితే ఈ రోజే బయలుదేరుతుంది, మూసుకుపోయిన రోడ్డు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఒక్కదానికి ఇద్దరవుతారు.

ఆవిడ చేతిలో పట్టీ ఉందన్నావు. ఒక ముసలి కుక్క మెడ కోసం అంత మంచులో దిగింది. అలాంటి మనిషి చివరి క్షణంలో నీ మీద తప్పు లెక్క కడుతూ పోయి ఉంటుందని ఎలా అనుకున్నావు? ఆమెను నువ్వు చూశావు, నేను చూడలేదు. అయినా నీకంటే నేనే ఆమెను మర్యాదగా తలుచుకుంటున్నాను.

ఇక నీ కోపం. ఉంచుకో, నాకు చెందాల్సిందే. కానీ బుద్ధి కూడా ఉంచుకో. నీ డిసెంబరు ఉత్తరం తీసి ముందు పెట్టుకున్నాను. "ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు" అని నీ చేతిరాతే. బేటీ తప్ప నోట రాని మనిషి, ప్రాణం పోయే వేళ కొత్తగా నీ పేరు నేర్చుకుని, దీర్ఘం తీసి పిలిచిందా? పదో తరగతి పిల్ల కూడా ఇలాంటి జవాబు రాయదు.

నిన్ను పిలిచింది నేను.

ఏడో తేదీ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నదాన్ని అట్లే నిద్రపోయాను. కలలో నువ్వు మన వీధి మలుపు దగ్గర చెప్పుల్లేకుండా పోతున్నావు. "భానూ" అన్నాను. నువ్వు తిరగలేదు. మళ్లీ అన్నాను. తిరగలేదు. మూడోసారి నోరు తెరిచేలోగా నా గొంతు నాకే వినిపించి మెలకువ వచ్చింది. మీ అమ్మను అడిగి లాభం లేదు, ఆఫీసులో ఉంది. నాగులమ్మ గుడి దగ్గర పూలమ్ముతోంది. కుంటోడు ఒక్కడే సాక్షి, తల ఎత్తి చూశాడు. ముందే ఎందుకు రాయలేదంటావా? సైన్సు చెప్పినదాన్ని, కలలు రాసి పంపితే నాకే నామోషీ. గాలి అని కొట్టేశాను.

కాబట్టి ఆవిడ పిలవలేదు. పిలిచింది నేను, నా నియమం ప్రకారం నాకే పలకలేదు నువ్వు. నాకు తగిన శాస్తి. నువ్వు మోయాల్సిన బరువు కాదది.

మూడో పిలుపు నా దగ్గరే మిగిలిపోయింది. ఫిబ్రవరి పదహారు, ఆదివారం, దీపాలు పెట్టే వేళ మేడ మీదికెక్కి నిన్ను పిలుస్తాను. వీధి నవ్వినా సరే. ఆ వేళకు నువ్వు ఎక్కడున్నా ఒక్కసారి పలుకు. పలికి, కుక్కలను తోలుకుని ఇంట్లోకి వెళ్లి తలుపేసుకో. అంతే. ఆ తర్వాత ఆ అడవిలో ఎవరు ఎన్నిసార్లు పిలిచినా నీకు సంబంధం లేదు. దారి దిగావంటే నా మీద ఒట్టు.

అవ్వ


తిరుచానూరు,
17 ఫిబ్రవరి 2025, సోమవారం

భానూ,

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నిన్న నేను పిలవలేకపోయాను.

శుక్రవారం నుంచి జలుబు. శనివారానికి గొంతు పూర్తిగా పోయింది. చెవి ముందే లేదు, ఇప్పుడు నోరు కూడా. ఇంట్లో పెద్ద సుఖంగా ఉందని మీ అమ్మ మొహంలో తెలుస్తోంది. అయినా మాట ఇచ్చాను కదా అని మెట్టు మెట్టుకూ కూర్చుంటూ మేడ ఎక్కాను. దీపాలు పెడుతున్నారు. ఉత్తరం వైపు తిరిగి నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంకా బలంగా ప్రయత్నించాను. గొంతులో మంట తప్ప ఏమీ లేదు. పిట్టగోడ పట్టుకుని నిలబడి, నోరు తెరుచుకుని మూసుకుని, చేపలాగా. కుంటోడు పైదాకా వచ్చి పక్కన కూర్చున్నాడు.

గొంతు లేకపోతే పిలుపు లేదు. నేనే చెప్పిన పాఠం. కాబట్టి ఇది లెక్కలోకి రాదు. వచ్చే ఆదివారానికి గొంతు వస్తే పిలుస్తాను. అందాకా దారి దిగకు. ఒట్టు ఇంకా ఉంది.

అవ్వ


ఠాకూర్ ఇల్లు
18 ఫిబ్రవరి 2025

అవ్వా,

రోడ్డు తెరిచారు. నీ అయిదో తేదీ ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం నా చేతికి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని రెండుసార్లు చదివాను.

ఆదివారం సంగతి రాస్తాను. అప్పటికి నీ ఉత్తరం నాకు అందలేదు, అది గుర్తుపెట్టుకో. సాయంత్రం ఆవిడ పడిన చోటికి వచ్చాం. ముగ్గురూ కూర్చున్నారు. నేనూ మంచులో కూర్చున్నాను. నిజం చెప్పనా? ఆ రోజు లేవాలని లేదు. చలి వేయడం కూడా మానేసింది, వెచ్చగా అనిపిస్తోంది. అది మంచిది కాదని డాక్టరుగా తెలుసు, అయినా లేవలేదు.

అప్పుడు వినిపించింది. ఒక్కసారే. "భానూ." వాలు కింది నుంచి కాదు, ఇంటివైపు నుంచి. అన్నానికి పిలిచినట్టు, కొంచెం విసుగ్గా. ఆలోచించకుండానే "వస్తున్నా అవ్వా" అన్నాను. అవ్వా అని ఎందుకన్నానో తెలియదు. ముగ్గురూ ఒకేసారి లేచారు. నేను తాడు పట్టుకోలేదు, వాళ్లే ముందు నడిచారు. చెట్టు దగ్గర కూడా ఆగలేదు. రాణి ఒక్కతే ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తోక ఊపి వచ్చేసింది.

నువ్వు మాట తప్పవు అవ్వా. మేడ మెట్లు ఎలా ఎక్కావు? మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మార్చి నెల మధ్యలో కొత్త డాక్టరు వస్తున్నాడు. కుక్కలను ఠాకూర్ అమ్మ మరిది ఇంటివాళ్లు కూడా చూసుకుంటామన్నారు. నేను వచ్చేస్తాను. వచ్చి ముందు నీ మోకాళ్లకు నూనె రాస్తాను. దారి దిగడం లేదు.

నీ భానూ


తిరుచానూరు,
27 ఫిబ్రవరి 2025

భానూ,

నీ ఉత్తరం అందింది. అవును, నేనే పిలిచాను. ఇంకెవరు పిలుస్తారు నిన్ను? గొంతు ఖంగుమంది. వీధి చివరిదాకా వినిపించిందని నాగులమ్మ చెప్పింది, లాడ్జిలో దిగిన భక్తులు కిటికీలు తెరిచి చూశారట. మోకాళ్లు బాగానే ఉన్నాయి, నూనె మాత్రం తప్పించుకోలేవు.

ఒక చిన్న పని. పదిహేడో తేదీన నేను రాసిన ఉత్తరం ఒకటి దారిలో ఉంటుంది. జలుబుకు మీ అమ్మ ఏదో మందు పోసింది, ఆ మత్తులో ఏమేమో రాశాను. చదివితే నవ్వుతావు, నాకు పరువు తక్కువ. అందితే విప్పకుండా పొయ్యిలో పెట్టు. రాణి ముందు పెట్టు, అదే సాక్షి.

ఆ కూలిన చెట్టుకూ, ఆవిడ పడిన చోటుకూ వచ్చేముందు ఒకసారి దండం పెట్టు. నా తరఫున కూడా. ఎవరికి పెడుతున్నావని అడక్కు, పెట్టు.

నిన్న సాయంత్రం కుంటోణ్ణి తీసుకుని వీధి మలుపుదాకా నడిచాను. నాగులమ్మ చూసి, "ఇదేంది టీచరమ్మా, మీరు కూడా కుక్కల్ని మేపను పోతాండారా?" అని అరిచింది. అరిచిందని నోరు చూసి తెలుసుకున్నాను. మలుపు దగ్గర వాడు ఆగాడు. ఉన్న మూడు కాళ్లతో సర్దుకుని కూర్చుని, ఎవరూ లేని వైపు చూస్తూ తోక ఆడించాడు. నాకేమీ వినిపించలేదు. నాకు వినిపించదు కదా. ఎన్నోసారో కూడా తెలియదు.

కాసేపు మర్యాదగా నిలబడ్డాను. తర్వాత, "ఇప్పుడే రాలేనుప్పా, మనవరాలు వస్తాండాది" అని చెప్పి, వాణ్ణి లేపుకుని ఇంటికి వచ్చేశాను.

త్వరగా రా.

అవ్వ